మందలో రోగం దిగితే: శాంపిల్ తీయడం నుంచి ల్యాబ్ రిపోర్ట్ చదవడం దాకా

అచ్చంపేట వైపు ఒక ఊళ్లో, వరికోతలు నడుస్తున్న రోజుల్లో, ఒక పెద్దాయన నన్ను తన మంద దగ్గరికి తీసుకెళ్లాడు. నూటిరవై గొర్రెలు, పాతిక మేకలు. పది రోజుల కింద పెబ్బేరు సంతలో పది పిల్లల్ని కొనుక్కొచ్చి మందలో కలిపాడు. నేను వెళ్లేసరికి చాలా గొర్రెలు తల వేలాడేసి నిలబడి ఉన్నాయి. కళ్లలో పుసి, ముక్కుల్లో చీమిడి, మూతుల దగ్గర చొంగ. "వట్టి పారుడే సారూ, సూదులేసి పో" అన్నాడాయన. నాకూ పారుడే అనిపించింది. శాంపిల్ ఫారం మీద అనుమానిత వ్యాధి అన్న చోట పీపీఆర్ (పారుడు రోగానికి పుస్తకాల్లో పేరు) అని రాసి సంతకం పెట్టేశాను.

ఆ రిపోర్ట్ ఏమని వచ్చిందో తర్వాత చెప్తాను. ఈ వ్యాసం కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులకు, లైవ్‌స్టాక్ అసిస్టెంట్లకు, గోపాలమిత్రలకు. జీవాలు కాసేవాళ్లు చదివినా పనికొస్తుంది, ఎందుకంటే ఈ పనిలో సగం వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. 2019 పశుగణన లెక్కలో తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలున్నాయి, దేశంలో మొదటి స్థానం మనదే. అందులో పాలమూరు, నల్లగొండల వాటా ఎంత పెద్దదో ఎండాకాలం రోడ్డు మీద మందలకు దారిస్తూ ఆగినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ల్యాబ్‌లో ఎంత మంచి మెషీన్ ఉన్నా, మనం పంపిన ట్యూబులో వైరస్ లేకపోతే అది చూపించేది ఏమీ ఉండదు. రిపోర్ట్ తప్పొచ్చిందని ల్యాబ్‌ను తిట్టుకునే ముందు, ఆ శాంపిల్ ఏ జీవం నుంచి, రోగం మొదలైన ఎన్నో రోజున, ఏ ట్యూబులో తీశామో ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

మొదటి పని: ఏ జబ్బులను అనుమానించాలి?

శాంపిల్ రకం అనుమానాన్ని బట్టి మారుతుంది. అందుకని సంచి విప్పకముందే మంద చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి.

పీపీఆర్, మన పారుడు రోగం. 104 నుంచి 106 డిగ్రీల ఫారిన్‌హీట్ దాకా జ్వరం, కళ్లు ముక్కు కారడం, చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు తెల్లటి పొర, తర్వాత దుర్వాసనతో పారుడు, దగ్గు. గొర్రెలకూ మేకలకూ వస్తుంది, మామూలుగా మేకలే ఎక్కువ దెబ్బ తింటాయి. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1987లో, తమిళనాడులోని అరసూర్‌లో. ఒకప్పుడు పశువులను తుడిచిపెట్టిన ముసర రోగం వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. ముసర 2011లో ప్రపంచం నుంచే పోయింది. పారుడును 2030 నాటికి అలాగే వదిలించాలన్నది అంతర్జాతీయ లక్ష్యం, కాబట్టి ప్రతి కేసునూ ల్యాబ్‌తో ఖాయం చేసుకోవడానికి ఇప్పుడు విలువ ఎక్కువ.

నీలి నాలుక, కొందరు మూతివాపు అంటారు. పెదవులు, ముఖం ఉబ్బుతాయి, నోట్లో పుండ్లు పడతాయి, గిట్టల పైన ఎర్రటి గీత కనపడుతుంది, కుంటుతాయి. వానలు దంచిన ఏడాది, వానాకాలం చివర్లో ఎక్కువ. ఇది ఒక జీవం నుంచి ఇంకో జీవానికి నేరుగా అంటదు. కంటికి ఆనీ ఆనని సన్న దోమలు కుట్టి మోసుకెళ్తాయి. గొర్రెల్లోనే బయటపడుతుంది. మేకల ఒంట్లో వైరస్ ఉన్నా పైకి చాలా అరుదుగా కనపడుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

గొర్రె మశూచి, మేక మశూచి. ఊళ్లో అమ్మవారు పోసిందంటారు. తోక కింద, చంకల్లో, పొదుగు మీద, ముఖం మీద గట్టి తట్లు. చూడగానే తెలిసిపోతుందనుకుంటాం కానీ, మొదటి రెండు మూడు రోజులు దీనిక్కూడా జ్వరం, ముక్కు కారడమే కనపడతాయి.

గాలికుంటు గొర్రెల్లో పశువుల్లో వచ్చినంత గట్టిగా రాదు. ఉన్నట్టుండి మందలో కుంటే జీవాలు ఎక్కువైతే అనుమానించాలి, ముఖ్యంగా పక్క కొట్టంలో ఎద్దుకో బర్రెకో చొంగ కారుతుంటే. మూతి పుండ్ల జబ్బు అని ఇంకోటుంది. పిల్లల పెదవుల మీద పొలుసు కట్టిన పుండ్లు లేస్తాయి, అది మనుషుల వేళ్లకూ అంటుకుంటుంది. గ్లౌజులు లేకుండా ఆ పుండును గిల్లి, నెల రోజులు వేలు పట్టుకుని తిరిగినవాళ్లను చూశాను.

ఇవన్నీ కాక, వైరస్‌తో పనే లేని గురక వ్యాధి, కడుపులో పురుగులు, పిల్లల్లో రక్త పారుడు ఉండనే ఉన్నాయి. అందుకే పేడ శాంపిల్ ఒకటి, రక్తపు స్మియర్ (గాజు పలక మీద పల్చగా పూసిన రక్తం) ఒకటి ఎప్పుడూ తోడుగా తీయండి. పెద్ద పరీక్షల కోసం హైదరాబాద్ పంపి, చివరికి పురుగులని తేలితే కాపరి ముందు తలెత్తుకోలేం.

రెండో పని: ఏ జీవం నుంచి తీయాలి?

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. కాపరి మనకు చూపించేది ఎప్పుడూ చావుకు దగ్గరైన జీవాన్నే. "దీన్ని సూడు సారూ" అని కాళ్లు చాపి పడుకున్నదాన్ని లాక్కొస్తాడు. దాని బాధ నిజమే, వైద్యం దానికే ముందు చేయాలి. కానీ శాంపిల్‌కు అది పనికిరాదు. రోగం మొదలై వారం పది రోజులైతే, ఒంట్లో యాంటీబాడీలు తయారై వైరస్‌ను తగ్గించేస్తుంటాయి. ముక్కు దగ్గర గట్టిగా ఎండిపోయిన చీమిడిలో మనకు దొరికేది ఎక్కువగా బ్యాక్టీరియా.

కావాల్సింది ఈరోజో నిన్ననో మేత మానేసిన జీవం. థర్మామీటర్ తీసి పది పదిహేను జీవాల జ్వరం చూడండి. గొర్రెకు 102 నుంచి 103 దాకా మామూలే, ఎండలో నడిచొస్తే ఇంకాస్త ఉంటుంది. నీడలో నిలబెట్టి చూసినా 104 దాటి, కళ్లలో నీళ్లు పల్చగా, తేటగా కారుతున్నవి ఐదారు దొరికితే పండగే. పారుడు మొదలుకాకముందు, జ్వరం వచ్చిన మూడు నాలుగు రోజుల్లో తీసిన స్వాబ్‌లో వైరస్ బాగా ఉంటుంది.

ఒక్క జీవంతో సరిపెట్టకండి. ఐదారు జబ్బు జీవాలు, వాటితోపాటు అదే మందలో బాగా ఉన్నవి రెండు. మీరు రాకముందే కాపరి మెడికల్ షాపు నుంచి తెచ్చి ఏ సూదులు వేశాడో కూడా అడగండి. యాంటీబయోటిక్ వల్ల వైరస్ పరీక్ష చెడదు కానీ, బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్ష చెడుతుంది.

సంచి

పెద్ద జాబితా అక్కర్లేదు. ఊదా మూత ట్యూబులు, ఎర్ర మూత ట్యూబులు, 18 గేజి సూదులు, వీటీఎం (వైరస్‌ను చెడకుండా ఉంచే ద్రవం) ట్యూబులతో స్వాబులు, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలు, ఫార్మలిన్ సీసా ఒకటి, గ్లౌజులు, మాస్కు, బ్లేడ్లు, జిప్ కవర్లు, దూది, చెరగని మార్కర్, పెన్సిల్, ఐస్ ప్యాకులతో థర్మకోల్ పెట్టె. వాడిన సూదులు వేయడానికి గట్టి డబ్బా ఒకటి మర్చిపోకండి. దొడ్డిలో సూది పడేసి వస్తే చెప్పుల్లేని పిల్లలు తొక్కుతారు.

స్వాబ్ కొనేటప్పుడు పుల్ల ప్లాస్టిక్‌దా, చివర పాలిస్టర్‌దా అని చూసుకోండి. చెక్క పుల్ల, దూది చివర ఉన్న స్వాబులు, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షను చెడగొట్టొచ్చు. ఆకుపచ్చ మూత ట్యూబులో హెపారిన్ ఉంటుంది, అది కూడా పీసీఆర్‌కు అడ్డుపడుతుంది. పీసీఆర్‌కు ఊదా మూతే వాడాలి.

మూడో పని: రక్తం తీయడం

కాపరి గొర్రెను గోడకు ఆనించి, రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, గడ్డం కింద చెయ్యి పెట్టి తలను పైకెత్తి కాస్త పక్కకు తిప్పాలి. మరీ ఎక్కువ తిప్పితే నరం జారిపోతుంది. దక్కనీ గొర్రెకైతే మెడ మీద ఉన్నిని పాయ తీసి, స్పిరిట్ దూదితో అదిమి తుడవాలి. నెల్లూరు జాతికి ఆ తిప్పలు లేవు. గొంతు పక్కన గాడి ఉంటుంది కదా, ఆ గాడిలో కింది వైపు ఎడమ బొటనవేలితో నొక్కి పట్టుకుని రెండు క్షణాలు ఆగండి. పైన నరం ఉబ్బుతుంది. కుడి చేతి వేలితో మెల్లగా మీటితే, నీళ్లు నిండిన గొట్టంలా అలలా కదులుతుంది. సూదిని పడుకోబెట్టినట్టు ఏటవాలుగా గుచ్చాలి. తీశాక బొటనవేలు వదిలి, గుచ్చిన చోట దూదితో అర నిమిషం నొక్కిపెట్టండి.

ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. గీత దాకా నింపి, మూత బిగించి, పదిసార్లు మెల్లగా కిందికీ పైకీ తిప్పండి. టానిక్ సీసాలా ఊపొద్దు, ఎర్రకణాలు పగిలిపోతాయి. నీలి నాలుకకు ఇదే అసలు శాంపిల్. ఆ వైరస్ ఎర్రకణాలను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి జ్వరం పోయాక కూడా వారాల తరబడి దొరుకుతుంది. ఈ ట్యూబును ఫ్రీజర్‌లో పెట్టకండి.

ఎర్ర మూత ట్యూబు సీరం కోసం. సీరంతోనే నేను మొదట్లో బోల్తా పడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చల్లగా ఉంచమన్నారు కదా అని, తీసిన రక్తం తీసినట్టే ఐస్‌లో గుచ్చేసి బస్సెక్కాను. గతుకుల రోడ్డు, వెనక సీటు. ల్యాబ్‌కు చేరేసరికి ఎనిమిది ట్యూబుల్లోనూ తేటగా పసుప్పచ్చగా ఉండాల్సిన సీరం దానిమ్మ రసంలా ఉంది. అక్కడి టెక్నీషియన్ ఒక ట్యూబును వెలుతురుకు పట్టి చూసి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

చేయాల్సింది ఇదీ. ఎర్ర మూత ట్యూబును నీడలో, ఏటవాలుగా, కదలకుండా గంట రెండు గంటలు ఉంచాలి. గడ్డ బాగా కట్టి, దాని పైన సీరం తేరుతుంది. మండల ఆసుపత్రిలో సెంట్రిఫ్యూజ్ ఉంటే తిప్పి, లేకపోతే శుభ్రమైన డ్రాపర్‌తో ఆ సీరాన్ని మాత్రమే చిన్న ట్యూబులోకి తీయాలి. ఐస్‌లోకి వెళ్లాల్సింది ఈ చిన్న ట్యూబు. ఎక్కువ రోజులు దాచాలంటే సీరాన్ని ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, గడ్డతో ఉన్న రక్తాన్ని మాత్రం పెట్టకూడదు.

నాలుగో పని: స్వాబులు

కరోనా పుణ్యమా అని ఇప్పుడు స్వాబ్ అంటే ఏంటో కాపరులకు చెప్పే పని తప్పింది. "మాకు తీసినట్టే దీనికీ తీస్తావా సారూ" అని వాళ్లే అడుగుతున్నారు.

ముక్కు బయట అంటుకున్న మట్టిని, ఎండిన చీమిడిని దూదితో తుడిచేయండి. స్వాబ్‌ను రంధ్రం లోపలికి, గోడకు ఆనించి మెల్లగా పోనిచ్చి నాలుగైదు సార్లు తిప్పి తీయండి. జిగురు తగలడం చాలదు, లోపలి పొర కణాలు కొన్ని రావాలి. కంటికి కింది రెప్పను కిందికి లాగి లోపలి గులాబి పొర మీద స్వాబ్ దొర్లించాలి. నోట్లో చిగుళ్ల మీద తవుడు పొర ఉంటే దాన్నీ గీకి తీసుకోవాలి. పారుడు అనుమానానికి ముక్కు, కన్ను స్వాబులు రెండూ ఉంటే మంచిది.

స్వాబ్ చివర వీటీఎం ద్రవంలో మునిగేలా పెట్టి, పుల్లను గీత దగ్గర విరిచి, మూత బిగించాలి. వీటీఎం లేకపోతే స్టెరైల్ సెలైన్ ఒక మిల్లీలీటరు పోసి, అదే రోజు ల్యాబ్‌కు చేర్చే ఏర్పాటు చేసుకోండి. జీవానికీ జీవానికీ మధ్య గ్లౌజులు మార్చాలి. ఖర్చనుకుని మార్చకపోతే, ఒక గొర్రె వైరస్ మరో గొర్రె ట్యూబులోకి వెళ్తుంది. పీసీఆర్ దాన్ని కూడా పట్టేస్తుంది.

తట్లు, పొక్కులు

మశూచికి రక్తం కంటే తట్టు ముక్కే మేలు. ఎండి రాలబోతున్న పక్కును పట్టకారుతో తీసి పొడి డబ్బాలో వేయొచ్చు. ఆ పక్కుల్లో వైరస్ నెలల తరబడి బతుకుతుంది. శాంపిల్ చెడిపోదన్న ధీమా ఎంత ఉందో, దొడ్డిలో రాలిన పక్కుల నుంచి మళ్లీ రోగం లేస్తుందన్న భయం కూడా అంతే ఉంది.

గాలికుంటుకు అప్పుడే పగిలిన పొక్కు పొర కావాలి, కనీసం ఒక గ్రాము. దాన్ని సగం గ్లిసరిన్, సగం ఫాస్ఫేట్ బఫర్ కలిపిన ద్రవంలో వేయాలి. ఆ ద్రవం పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి, ఎందుకంటే ఈ వైరస్‌కు పులుపు పడదు, కాస్త ఆమ్లం తగిలినా చస్తుంది. బజారులో దొరికే ఉత్త గ్లిసరిన్ పోసి పంపితే లాభం లేదు. ఆ ద్రవాన్ని ముందే ల్యాబ్ నుంచి అడిగి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

చచ్చిన జీవం దగ్గర

కత్తి తీసే ముందు కళేబరాన్ని దూరం నుంచి చూడండి. నిన్న సాయంత్రం దాకా బాగా మేసిన గొర్రె పొద్దున్నే చచ్చి ఉబ్బి ఉందా? ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతోందా? అయితే కోయొద్దు. అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. కోస్తే గాలి తగిలి ఆ క్రిమి గింజ కట్టి ఏళ్ల తరబడి నేలలో ఉండిపోతుంది, మనుషులకూ వస్తుంది. చెవి కొన నుంచి ఒక చుక్క రక్తంతో స్మియర్ తీసి, తోలు ఒలవనివ్వకుండా, కోతకు అమ్మనివ్వకుండా, సున్నం వేసి లోతుగా పూడ్పించాలి.

అలాంటి అనుమానం లేకపోతే, చచ్చిన కొద్ది గంటల్లోనే కోయాలి. మన ఎండలకు మధ్యాహ్నం దాటితే పేగులు కుళ్లిపోతాయి. ఊపిరితిత్తి ముక్క, ప్లీహం, పేగులను పట్టి ఉంచే పొరలో వరసగా ఉండే లింఫ్ గ్రంథులు, వీటిలో ఒక్కోదాన్ని బొటనవేలు గోరంత తీసి వేరువేరు డబ్బాల్లో ఐస్ మీద పెట్టండి. పారుడులో పెద్దపేగు చివర కోసి చూస్తే, లోపలి మడతల మీద జీబ్రా చారల్లా ఎర్రటి గీతలు కనపడొచ్చు, ఫోటో తీసుకోండి. అవే అవయవాల నుంచి ఇంకో ముక్క పదింతల ఫార్మలిన్‌లో వేయండి, అది మైక్రోస్కోప్ కింద చూడటానికి. ఫార్మలిన్‌లో వేసింది ఐస్‌లో అక్కర్లేదు, ఐస్‌లోది ఫార్మలిన్‌లో పడకూడదు.

జాతరకు ఒంటె వస్తే

పాలమూరులో ఒంటెలతో మనకేం పని అనొచ్చు. జాతరల్లో పిల్లల్ని ఎక్కించి తిప్పేవాళ్లు తెస్తారు, బక్రీద్ ముందు రాజస్థాన్ వైపు నుంచి హైదరాబాద్‌కు తరలించేవాళ్లూ ఉంటారు. దారిలో ఒకటి జబ్బు పడితే కబురొచ్చేది మండల డాక్టరుకే. ఒంటె మశూచికి కూడా తట్టు పక్కులే శాంపిల్, కానీ గ్లౌజులు తప్పనిసరి. 2009లో వాయువ్య భారతంలో ఒంటెలు కాసేవాళ్ల చేతులకు అది అంటింది. ఆఫ్రికాలో ఒంటెల్లో పీపీఆర్ వైరస్ దొరికిన సందర్భాలున్నాయి. 2012లో సౌదీ అరేబియాలో మనుషుల్లో బయటపడిన, ఊపిరితిత్తులను దెబ్బతీసే మెర్స్ వైరస్ ఒంటెల ముక్కు స్వాబుల్లో దొరుకుతుంది. తీసే పద్ధతి గొర్రెకు చెప్పిందే, కాకపోతే ఒంటెను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, దాని మనిషితోనే తల పట్టించండి. ఒంటె రోగాల మీద సలహా అడగాల్సిన చోటు బికనీర్‌లోని జాతీయ ఒంటెల పరిశోధన కేంద్రం.

ఐదో పని: పేరు, ఫారం

ట్యూబు మీద జీవం నంబరు, శాంపిల్ రకం, తేదీ. చెరగని మార్కర్‌తో గానీ, టేపు మీద పెన్సిల్‌తో గానీ రాయండి. బాల్‌పెన్ రాత ఐస్ నీళ్లకు చెదిరిపోతుంది. అప్పుడు చేతిలో మిగిలేవి ఏ గొర్రెవో తెలియని ట్యూబులు.

ఫారం నింపడమంటే అందరికీ విసుగే. కానీ ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లు మీ మందను చూడలేదు, ఆ కాగితమే వాళ్లకు కళ్లు. ఊరు, మండలం, ఫోన్ నంబరు సరే. మందలో గొర్రెలెన్ని, మేకలెన్ని, వాటిలో జబ్బు పడ్డవి ఎన్ని, చచ్చినవి ఎన్ని అన్నవి విడివిడిగా రాయండి. రోగం మొదట కనపడ్డ తేదీ, కొత్త జీవాలు వచ్చాయా, ఎక్కడి నుంచి, మంద వలస వెళ్లొచ్చిందా, టీకా ఎప్పుడు ఏది వేశారు, ఇవన్నీ ఉండాలి. పెద్దగట్టు జాతరకో ఇంకో జాతరకో జీవాలను తోలుకెళ్లి వచ్చారా అని కూడా అడగండి. అన్ని ఊళ్ల జీవాలూ ఒక్క చోట కలిసే రోజులవి.

ఆరో పని: చల్లగా, తొందరగా

మూత మీద టేపు చుట్టి, ట్యూబును దూదిలో చుట్టి జిప్ కవర్లో పెట్టండి. ఆ కవర్లన్నీ గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, ఆ డబ్బా ఐస్ ప్యాకుల మధ్య థర్మకోల్ పెట్టెలో. ఫారం విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్టె మూత లోపల అంటించండి. ఐస్ ప్యాకులు లేకపోతే సోడా షాపు ఐస్‌ను రెండు కవర్లలో మూట కట్టి వాడుకోవచ్చు, నీళ్లు మాత్రం ట్యూబులకు తగలకూడదు.

నాలుగు డిగ్రీల చల్లదనంలో రెండు మూడు రోజులు స్వాబులు నిలుస్తాయి. ఇంటి ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించి, మళ్లీ కరిగించి, మళ్లీ పెట్టడం కంటే ఐస్ మార్చుకుంటూ నేరుగా తీసుకెళ్లడం మేలు. శుక్రవారం సాయంత్రం పంపిన పెట్టె సోమవారం దాకా ఏ బల్ల కింద ఉంటుందో చెప్పలేం. తెలిసిన మనిషినిచ్చి పంపండి, బయల్దేరే ముందు ల్యాబ్‌కు ఫోన్ చేయండి.

మొదట జిల్లా కేంద్రంలోని పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌ను అడగాలి. అక్కడ స్మియర్లు, పేడ, మామూలు పరీక్షలు అవుతాయి. వైరస్ పరీక్షలకు దారి హైదరాబాద్ శాంతినగర్‌లో పశుసంవర్ధక శాఖ నడిపే పరిశోధన సంస్థ వీబీఆర్ఐ. రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. అటు మహబూబ్‌నగర్ నుంచైనా ఇటు నల్లగొండ నుంచైనా వంద కిలోమీటర్ల ప్రయాణమే. దక్షిణాది రాష్ట్రాలకు బెంగళూరు హెబ్బాళలో ప్రాంతీయ ల్యాబ్ ఉంది, గాలికుంటు వైరస్ టైపు తేల్చే జాతీయ సంస్థ భువనేశ్వర్‌లో, కొత్త, ప్రమాదకర రోగాలకు హై సెక్యూరిటీ ల్యాబ్ భోపాల్‌లో ఉన్నాయి. వీటికి మనం నేరుగా పంపం, శాఖ ద్వారా వెళ్తాయి.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

పీసీఆర్‌లో వైరస్ జన్యుపదార్థంలోని ఒక చిన్న ముక్కను వెతికి, దాన్ని రెట్టింపు చేస్తూ పోతారు. ఒకటి రెండు, రెండు నాలుగు. ముప్పై సార్లు రెట్టింపైతే ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. పీపీఆర్, నీలి నాలుక, గాలికుంటు వైరస్‌లవి ఆర్‌ఎన్‌ఏ కాబట్టి ముందు దాన్ని డీఎన్‌ఏగా మార్చాలి, ఆర్‌టీ-పీసీఆర్‌లో ఆర్‌టీ అన్న రెండక్షరాలు అందుకే. మశూచి వైరస్‌ది డీఎన్‌ఏనే, దానికి ఆ మెట్టు అక్కర్లేదు. రిపోర్ట్‌లో సీటీ అని ఒక అంకె ఉంటే, అది ఎన్నో రెట్టింపు దగ్గర వైరస్ కనపడిందో చెబుతుంది. అంకె చిన్నదైతే వైరస్ ఎక్కువ. దాదాపు 3.3 అంకెల తేడా అంటే వైరస్‌లో పదింతల తేడా.

ఎలైసా అంటే రంగు చూసి తేల్చే పరీక్ష. శాండ్‌విచ్ ఎలైసా స్వాబ్‌లో, కణజాలంలో వైరస్ ప్రొటీన్‌ను నేరుగా పట్టుకుంటుంది. 96 గుంతల ప్లేటు, రంగు వస్తే వైరస్ ఉన్నట్టు. కాంపిటీటివ్ ఎలైసా సీరంలో యాంటీబాడీలను వెతుకుతుంది. ఇందులో తిరకాసేంటంటే రంగు ఎంత తగ్గితే యాంటీబాడీలు అంత ఎక్కువ. మొదటిసారి ప్లేటు చూసినవాళ్లు తలకిందులుగా చదువుతారు. వైరస్‌ను కణాల్లో పెంచి చూసే పద్ధతి కూడా ఉంది, దానికి వారాలు పడుతుంది. దొడ్డి తగలబడుతుంటే దానికోసం ఎదురు చూడలేం.

రిపోర్ట్ చదవడం

వైరస్ కనపడింది అని వస్తే గొడవ లేదు. యాంటీబాడీలు ఉన్నాయి అని వస్తే తొందరపడొద్దు. పీపీఆర్ టీకా వేసిన జీవంలో ఉన్నవీ, రోగం వచ్చి తగ్గిన జీవంలో ఉన్నవీ ఈ పరీక్షకు ఒకేలా కనపడతాయి. టీకా ఎప్పుడు వేశారో రాయమన్నది ఇందుకే. మూడు నెలల్లోపు పిల్లలో కనపడ్డవి తల్లి పాల నుంచి వచ్చినవై ఉండొచ్చు. గాలికుంటు విషయంలో మాత్రం, వైరస్ ఒంట్లో పెరిగినప్పుడు తయారయ్యే ప్రొటీన్ల మీది యాంటీబాడీలను వెతికే ఎన్ఎస్‌పీ ఎలైసాతో టీకా జీవాన్నీ రోగం సోకినదాన్నీ చాలా వరకు వేరు చేయొచ్చు. అనుమానం తీరకపోతే అదే జీవం నుంచి మూడు వారాల తర్వాత ఇంకో సీరం తీసి, రెండూ ఒకేసారి ఒకే ప్లేటులో పెట్టించాలి. యాంటీబాడీల స్థాయి నాలుగింతలు పెరిగితే, ఈ మధ్యే రోగం సోకిందని అర్థం.

వైరస్ కనపడలేదు అని వస్తే, మందలో ఆ రోగం లేదని కాదు. ఆ ట్యూబులో లేదు, అంతే. ఆలస్యంగా తీశామా, ఐస్ కరిగిందా, అసలు అనుమానమే తప్పా అని వెనక్కి నడవాలి.

రిపోర్ట్ వచ్చేదాకా ఊరుకోకూడదు కదా. జబ్బువి వేరే దొడ్డిలో, నీళ్ల తొట్టి వేరు, మందను సంతకు తోలొద్దు, కొత్తవి కలపొద్దు. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం ఈ రోగాల అనుమానం వస్తే పంచాయతీకో పశువైద్యుడికో చెప్పడం యజమాని బాధ్యత. దాచిపెడితే పక్క మందకూ పోతుంది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. చుట్టుపక్కల టీకాలు వేసేటప్పుడు ముందు బాగున్న మందలకు వేయాలి, జ్వరంతో ఉన్నదానికి వేయకూడదు. బయటికొచ్చాక చెప్పులు, చేతులు కడుక్కోండి. పీపీఆర్ వైరస్‌కు సబ్బు నీళ్లు చాలు, గాలికుంటు దానికి లొంగదు, నూటికి నాలుగు పాళ్ల బట్టల సోడా కావాలి.

ఇక ఆ పెద్దాయన మంద. స్వాబులన్నిట్లో పీపీఆర్ లేదని వచ్చింది. ల్యాబ్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "మీ ఫారంలో మొత్తం నూట నలభై ఐదు అని ఒకే అంకె ఉంది. మేకలకు కూడా ఉందా?" అని అడిగారు. నాకు తెలీదు. పెద్దాయనకు ఫోన్ కలిపితే, "మేకలకేం, దుక్కల్లెక్క ఉన్నయి" అన్నాడు. అదృష్టం కొద్దీ ఊదా మూత ట్యూబులు కూడా పంపి ఉన్నాను. వాటిని నీలి నాలుకకు పెట్టారు, ఆరింట్లో నాలుగు పాజిటివ్.

పాపం, ఇది నేరుగా అంటే రోగం కాదు కాబట్టి, అవే తెచ్చాయని సంతలో కొన్న ఆ పది పిల్లల మీద పడ్డ నింద కూడా తేలికైంది. చెరువు కట్ట కింద ఉన్న దొడ్డిని మెరక మీదికి మార్పించి, సాయంత్రాలు వేపాకు పొగ వేయించి, నోటి పుండ్లకు, గిట్టలకు వైద్యం మొదలుపెట్టాం. రిపోర్ట్ సంగతి చెప్పినప్పుడు ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మేకలు బాగనే ఉన్నయని నాకు మొదటి దినమే ఎర్కే సారూ. నువ్వు అడగలే."